రెండు లాట్లు, రెండు ఇళ్లు, ఒకే పన్ను బిల్లు: కాలిఫోర్నియాలో అద్దెకిచ్చే ముందు జోనింగ్ తేల్చుకున్న తీరు (నా అనుభవం)

కాలిఫోర్నియా బే ఏరియాలో ఒక పాత కాలనీ. కౌంటీ నుంచి వచ్చే పన్ను బిల్లు ఒక్కటే, దాని మీద పార్సెల్ నెంబరూ ఒక్కటే. ఆ నెంబరు కింద పక్కపక్కనే రెండు ఇళ్లున్నాయి. ఒకటి 1948లో కట్టిన మూడు పడగ్గదుల ఇల్లు, 1,350 చదరపు అడుగులు. రెండోది 1956 నాటి రెండు పడగ్గదుల ఇల్లు, 1,020 చదరపు అడుగులు. మధ్యలో కంచె లేదు. వెనక వైపు 20 అడుగులకు 20 అడుగుల విడి గరాజ్ ఒకటి. ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే సిటీ జోనింగ్ నిబంధనల్లో ఇది ఆర్-1 జోన్, అంటే లాటుకి (మన ప్లాటుకి) ఒక ఇల్లు. రెండిళ్లనూ రెండు కుటుంబాలకు విడివిడిగా అద్దెకివ్వాలి. ఇవ్వొచ్చా?

సిటీ ప్లానింగ్ కౌంటర్లో అడిగితే పది నిమిషాల్లో జవాబు చెప్పేశారు. కంప్యూటర్లో పార్సెల్ నెంబరు కొట్టి చూసి, "ఒక లాటు, రెండు ఇళ్లు. ఆర్-1లో కుదరదు. రెండోదాన్ని ఏడీయూగా పర్మిట్ చేయించుకోండి, లేదా దాంట్లో వంటగది తీసేయండి" అన్నారు. ఏడీయూ అంటే ఒక ఇల్లున్న లాటులో దానికి అనుబంధంగా ఉండే చిన్న ఇల్లు. ఆ జవాబు తప్పు. అది తప్పని కాగితాలతో చూపించి, రెండిళ్లనూ రెండు సొంత లాట్ల మీద నిలబెట్టేసరికి పదకొండు నెలలు పట్టింది. ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్లు ఏది ముందు చూడాలో, ఏది తొందరపడి చేయకూడదో తెలియక నష్టపోతున్నారు. అందుకే వరుసగా రాస్తున్నాను.

పన్ను నెంబరు వేరు, లాటు వేరు

మన దగ్గర లేఅవుట్‌లో 14, 15 నెంబర్ల ప్లాట్లు రెండూ కొని, మధ్య గోడ తీసేసి, మున్సిపాలిటీలో ఒకే ఇంటి పన్ను నెంబరు పెట్టించుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. అంతమాత్రాన దస్తావేజు షెడ్యూల్లో ఉన్న రెండు ప్లాట్లు ఒకటైపోవు. పన్ను రసీదు హక్కు పత్రం కాదని మనకు తెలుసు. ఇక్కడా అంతే. కౌంటీ అసెసర్ ఇచ్చే పార్సెల్ నెంబరు పన్ను వసూలు కోసం పెట్టుకున్న లెక్క. యజమాని అడిగితే పక్కపక్క లాట్లను ఒకే నెంబరు కిందకు తెస్తారు, అడిగితే మళ్లీ విడదీస్తారు. చట్టం దృష్టిలో లాటు అనేది రికార్డయిన మ్యాపు నుంచో, చట్టప్రకారం జరిగిన విభజన నుంచో పుడుతుంది.

పాత యజమాని నెంబర్లు ఎందుకు కలిపాడో బిల్లు వెనక వివరాలు చూస్తే తెలిసింది. బే ఏరియాలో స్కూళ్లు, లైబ్రరీలు, వరద కాలువల కోసం వేసే పార్సెల్ పన్నుల్లో చాలావాటికి ఇంటి విలువతో సంబంధం ఉండదు, పార్సెల్‌కి ఇంత అని ఉంటుంది. 2016లో తొమ్మిది కౌంటీల ఓటర్లు ఆమోదించిన మెజర్ ఏఏ కూడా అలాంటిదే, ఏడాదికి పార్సెల్‌కి 12 డాలర్లు. స్కూలు పన్నులైతే ఇంకా పెద్దవి. రెండు నెంబర్లుంటే రెండుసార్లు కట్టాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి కలిపిన నెంబరు అది. ఇరవై ఏళ్ల తర్వాత కౌంటర్లో తెర మీద "ఒక లాటు" అని కనబడటానికి కారణం అదే.

కాబట్టి మొదట తీయాల్సింది పన్ను బిల్లు కాదు, టైటిల్ కంపెనీ నుంచి ప్రిలిమినరీ టైటిల్ రిపోర్టు. మన ఈసీ లాంటిదే అనుకోండి, అంతకన్నా వివరంగా ఉంటుంది. అందులో ఆస్తి వివరణ దగ్గర "లాట్లు 14, 15, బ్లాక్ ఫలానా, ఫలానా పుస్తకం ఫలానా పేజీలో రికార్డయిన మ్యాపు ప్రకారం" అని ఉంది. ఒక డీడ్‌లో రెండు లాట్లు రాసినంత మాత్రాన అవి కలిసిపోవు. రెంటికీ యజమాని ఒకరే అయినా కలిసిపోవు. భూమిని లాట్లుగా విభజించడానికి ఉన్న చట్టం, కాలిఫోర్నియా సబ్‌డివిజన్ మ్యాప్ యాక్ట్, ఆ మాట నేరుగానే చెబుతుంది.

ఆ తర్వాత మ్యాపు ఏ ఏడాదిదో చూడాలి. మాది 1946 నాటిది, కాబట్టి చిక్కు లేదు. 1893కి ముందు మ్యాపైతే దాని మీద గీతలున్నా లాట్లు పుట్టినట్టు కాదని గార్డ్‌నర్ వర్సెస్ కౌంటీ ఆఫ్ సోనోమా కేసులో రాష్ట్ర సుప్రీం కోర్టు 2003లో తేల్చింది. ఆ కేసులోని మ్యాపు 1865 నాటిది. 2008లో విట్ హోమ్ రాంచ్ కేసులో అప్పీలు కోర్టు 1915 నాటి మ్యాపుకీ అలాంటి తీర్పే ఇచ్చింది. అందుకని మ్యాపు 1929కి ముందుదైతే లాయర్‌కి చూపించకుండా ఒక్క అడుగు కూడా వేయకండి.

ఎప్పుడో ఎవరో చట్టప్రకారం కలిపేశారేమో కూడా చూసుకోవాలి. టైటిల్ రిపోర్టులో "నోటీస్ ఆఫ్ మెర్జర్" ఉందా, రెండు లాట్లనూ ఒకటిగా ఉంచుతామని సిటీకి రాసిచ్చిన కట్టుబాటు పత్రం ఏదైనా రికార్డయిందా అన్నవి చదవాలి. సిటీ తనంతట తాను కలపాలంటే దానికి ఆర్డినెన్స్ ఉండాలి, యజమానికి నోటీసివ్వాలి, అడిగితే విచారణ జరపాలి, ఆ తర్వాత పత్రం రికార్డు చేయాలి. పైగా కలిపే లాట్లలో కనీసం ఒకటి జోన్ కనీస కొలతకి తక్కువై ఉండాలి. మా లాట్లు ఒక్కోటి 52 అడుగుల వెడల్పు, 120 అడుగుల లోతు, అంటే 6,240 చదరపు అడుగులు, మన లెక్కలో సుమారు 693 గజాలు. జోన్ కనీస కొలత 6,000. కాబట్టి ఆ నిబంధన మా జోలికి రాలేదు.

1956 నాటి పర్మిట్ కార్డు

రెండు లాట్లని తేలినా, రెండో ఇంటిని పర్మిట్‌తోనే కట్టారని కూడా చూపించాలి. సిటీ బిల్డింగ్ శాఖలో పాత పర్మిట్లు స్కాన్ చేసి ఉంటాయి. ఆన్‌లైన్‌లో వెతికితే మా పార్సెల్ నెంబరు కింద ఏమీ రాలేదు. ఎందుకంటే 1956లో ఈ నెంబరే లేదు. వీధి పేరుతో, పాత ఇంటి నెంబరుతో, లాటు నెంబరుతో విడివిడిగా వెతకమని రాతపూర్వకంగా అడిగితే పన్నెండో రోజున ఒక ఫైలు పంపించారు.

అరచేయంత కార్డు. టైపు మిషన్ అక్షరాలు, ఒక మూల తడిసి నల్లబడింది. "లాట్" అన్న గడిలో 15 అని మాత్రమే ఉంది, 14 లేదు. "వాడుక" గడిలో నివాసం, ఒక కుటుంబం. వెనక పెన్సిల్‌తో వేసిన స్కెచ్‌లో ఇల్లు, పక్కనే ఒక కారు పట్టే కార్‌పోర్ట్, పక్క హద్దు నుంచి ఇంటి గోడకి 5 అడుగులు. కింద ఇన్‌స్పెక్టర్ చివరి సంతకం. అంటే 1956లో ఇదే సిటీ 15వ నెంబరును వేరే లాటుగా లెక్కేసి, దానికి విడిగా సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) కొలిచి, ఇంటికి పర్మిట్ ఇచ్చింది. కౌంటర్లో విన్న మాటకి ఆ ఒక్క గడిలోని 15 జవాబు చెప్పింది.

కార్డు దొరకనివాళ్లు అసెసర్ ఆఫీసులో పాత భవన రికార్డు అడగండి. కట్టిన ఏడాది, కొలతలు, గీత బొమ్మ దాంట్లో ఉంటాయి. అది పర్మిట్‌తో సమానం కాకపోయినా, ఇల్లు ఎప్పటి నుంచి ఉందో చెప్పడానికి పనికొస్తుంది.

ఇదే ఫైల్లో 1961 నాటి గరాజ్ కార్డు కూడా ఉంది. దాని స్కెచ్‌లో రెండు లాట్ల మధ్య హద్దే గీయలేదు. అసలు తంటా అక్కడే మొదలైంది.

సర్వే

ఇక్కడ హద్దుల సర్వే చేయాలంటే లైసెన్సున్న ల్యాండ్ సర్వేయర్ కావాలి. 1982కి ముందు రిజిస్టరైన సివిల్ ఇంజినీర్లకు కూడా ఆ అధికారం ఉంది, వాళ్ల లైసెన్స్ నెంబరు 33,965 లేదా అంతకు తక్కువ ఉంటుంది. కొటేషన్ అడిగేటప్పుడు మూల గుర్తులు పాతడం, అవసరమైతే రికార్డ్ ఆఫ్ సర్వే (కౌంటీలో నమోదయ్యే సర్వే మ్యాపు) దాఖలు చేయడం, కొత్త హద్దుల వివరణ రాయడం, మూడూ కలిపి అడగండి. మొదటిదానికే తక్కువ ధర చెప్పి మిగతావి తర్వాత అదనంగా వేసేవాళ్లున్నారు.

వెనక మూలన మట్టి ఏడు అంగుళాలు తవ్వితే పాత ఇనుప పైపు దొరికింది, ముప్పావు అంగుళంది. దాని నుంచి కొలిస్తే 14వ లాటు ఇంటి గరాజ్ హద్దు దాటి 15వ లాటులోకి 2 అడుగుల 4 అంగుళాలు చొచ్చుకుని ఉంది. ఇళ్లు రెండూ వాటి వాటి లాట్లలోనే ఉన్నాయి.

గరాజే కదా అని వదిలేయడానికి లేదు. కాలిఫోర్నియా రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం హద్దుకి 5 అడుగుల లోపల ఉండే బయటి గోడ గంటసేపు మంటను తట్టుకునేదై ఉండాలి. 3 అడుగుల లోపలైతే కిటికీలు, తలుపులు అసలు పెట్టకూడదు. గోడ హద్దు మీదే కూర్చుంటే ఆ లెక్కలకు అర్థమే లేదు. ఒక లాటు అమ్మాలన్నా, ఒకదాని మీదే లోన్ కావాలన్నా అక్కడే ఆగిపోతుంది. పైగా "రెండు లాట్లనూ ఒకటిగా వాడుతున్నారు" అనడానికి సిటీ చేతిలో ఆధారం కూడా అదే.

కలిపేస్తే పోలా?

సిటీ వాళ్లు చూపించిన దారి అదే. రెండు లాట్లనూ చట్టప్రకారం కలిపేసి, చిన్న ఇంటిని ఏడీయూ చేసుకోమన్నారు. చూడటానికి సులువు. రెండు పడగ్గదులు, 1,020 చదరపు అడుగులు కాబట్టి రాష్ట్ర చట్టంలోని 1,200 గరిష్ఠ పరిమితికి లోపలే. దరఖాస్తు పూర్తిగా ఉంటే సిటీ 60 రోజుల్లో తేల్చాలి. యజమాని అక్కడే కాపురం ఉండాలన్న షరతు కూడా ఏడీయూకి పెట్టకూడదు, ఆ నిషేధం ఇప్పుడు శాశ్వతం. దరఖాస్తు ఫారాలు సగం నింపాం కూడా. ఆపింది అద్దె చట్టం.

ఇది జోనింగ్ ఆఫీసులో ఎవరూ చెప్పరు, వాళ్ల పని కాదు కాబట్టి. 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఏబీ 1482 అనే రాష్ట్ర చట్టం ప్రకారం కాలిఫోర్నియాలో ఏడాదికి అద్దె 5 శాతం ప్లస్ ధరల పెరుగుదల సూచీ, మొత్తం 10 శాతానికి మించి పెంచకూడదు. అద్దెకున్నవాళ్లకి 12 నెలలు నిండితే చట్టంలో చెప్పిన కారణం లేకుండా ఖాళీ చేయించకూడదు. దీని నుంచి ఒంటరి ఇంటికి మినహాయింపుంది, కానీ షరతులతో. ఆ ఇంటిని మరే ఇంటి హక్కుతోనూ ముడిపడకుండా విడిగా అమ్ముకోగలిగి ఉండాలి. యజమాని కార్పొరేషన్ కాకూడదు, కార్పొరేషన్ సభ్యుడిగా ఉన్న ఎల్‌ఎల్‌సీ (ఒక రకం కంపెనీ) కూడా కాకూడదు. ఆ మినహాయింపు వర్తిస్తుందని అద్దె ఒప్పందంలో చట్టం చెప్పిన మాటల్లోనే రాయాలి.

ఇప్పుడు లాట్లు కలిపితే ఏమవుతుందో చూడండి. ఒకే లాటు మీద రెండు ఇళ్లు. మామూలుగా ఏ ఇంటినీ రెండోది లేకుండా అమ్మలేరు. కాబట్టి రెండూ విడిగా అమ్ముకోగల ఇళ్లు కావు, రెంటికీ మినహాయింపు పోతుంది. సిటీకి సొంత అద్దె నియంత్రణ ఉంటే దెబ్బ ఇంకా గట్టిది. విడిగా అమ్ముకోగల ఇంటిని స్థానిక నియంత్రణ నుంచి కాపాడే కోస్టా-హాకిన్స్ చట్టం కూడా ఆ షరతు మీదే ఆధారపడింది, మా ఇళ్లేమో 1995 ఫిబ్రవరి 1కి ముందువి. అద్దెకున్నవాళ్లకి రక్షణ ఉండటం మంచిదే, దాన్ని తప్పుబట్టను. కానీ ఒక ప్లానింగ్ ఫారం మీద సంతకంతో తమ ఇళ్ల చట్టబద్ధ స్థితే మారిపోతోందని తెలియకుండా సంతకం చేయడం మాత్రం ఎవరికీ జరగకూడదు.

పోనీ, కలిపి తర్వాత విడదీసుకోవచ్చు కదా అంటే అదీ సులువు కాదు. కలపడం ఒక పత్రంతో అవుతుంది. విడదీయాలంటే అది కొత్త సబ్‌డివిజన్, పార్సెల్ మ్యాపు వేయాలి, ఇవాళ్టి నిబంధనలన్నీ వర్తిస్తాయి. 2022 నుంచి ఉన్న ఎస్‌బీ 9 చట్టం దారిలో లాటు చీల్చడం తేలికే అంటారు. అందులో ఒక్కో ముక్క కనీసం 1,200 చదరపు అడుగులు, అసలు లాటులో 40 శాతానికి తగ్గకూడదు, అది సరే. యజమాని అక్కడ ఒక ఇంట్లో మూడేళ్లు సొంతంగా కాపురం ఉంటానని ప్రమాణ పత్రం ఇవ్వాలి. రెండిళ్లూ అద్దెకివ్వాలనుకునేవాళ్లకి ఆ దారి మూసుకుపోయినట్టే.

అసలు ఒకే లాటు ఉండి, రెండో ఇల్లు పర్మిట్ లేకుండా కట్టినవాళ్లకైతే ఏడీయూ దారే సరైనది. 2020కి ముందు కట్టిన పర్మిట్ లేని ఏడీయూలకి, ఆరోగ్యానికో భద్రతకో ముప్పు లేకపోతే, బిల్డింగ్ కోడ్ లోపాలు చూపించి పర్మిట్ నిరాకరించకూడదని ఏబీ 2533 చెబుతోంది. అది వాళ్లకి పెద్ద ఊరట.

హద్దును జరపడం

మేము ఎంచుకున్నది లాట్ లైన్ అడ్జస్ట్‌మెంట్. పక్కపక్కనున్న నాలుగు లేదా అంతకు తక్కువ లాట్ల మధ్య, లాట్ల సంఖ్య పెంచకుండా, హద్దును మాత్రం జరపడం. దీనికి సబ్‌డివిజన్ మ్యాపు అక్కర్లేదు. సిటీ చూడాల్సింది కొత్త లాట్లు జనరల్ ప్లాన్‌కి (మన మాస్టర్ ప్లాన్ లాంటిది), జోనింగ్‌కి, బిల్డింగ్ నిబంధనలకి సరిపోతాయా అన్నదే. రోడ్డు వెడల్పుకి స్థలం ఇవ్వమనో, కాలిబాట వేయమనో అడగడానికి చట్టంలో చోటు లేదు. మొదటి లేఖలో కాలిబాట మరమ్మతు షరతుగా పెట్టారు. సబ్‌డివిజన్ మ్యాప్ యాక్ట్ సెక్షన్ 66412 లో డీ క్లాజును చూపించి రాతలో అడిగితే తీసేశారు.

లెక్క ఇలా కుదిరింది. గరాజ్ హద్దు దాటింది 2 అడుగుల 4 అంగుళాలు, దానికి అవతల 5 అడుగుల సెట్‌బ్యాక్ కావాలి, అంటే కనీసం 7 అడుగుల 4 అంగుళాలు. ఏడున్నర అడుగులు తీసుకున్నాం. హద్దు పొడవునా అలా జరిపితే 900 చదరపు అడుగులు పోయి 15వ లాటు 5,340కి దిగిపోతుంది, కనీస కొలతకి చాలదు. అందుకని వెనక 30 అడుగుల మేరకే జరిపాం. గరాజ్ వెనక 5 అడుగులు, గరాజ్ 20, ముందు 5. ఏడున్నర ఇంటూ ముప్పై, 225 చదరపు అడుగులు. 15వ లాటుకి 6,015 మిగిలింది, 14వ లాటు 6,465 అయింది. చేతిలో మిగిలిన వెసులుబాటు 15 చదరపు అడుగులు, అంతే. గరాజ్ ఇంకో అడుగు పక్కకి ఉంటే గోడ కొట్టి వెనక్కి కట్టాల్సి వచ్చేది.

హద్దులో అలా వంకర పెడితే ఇంజినీరింగ్ వాళ్లకి నచ్చదు. వెనక భాగంలో 15వ లాటు వెడల్పు 44 అడుగుల 6 అంగుళాలకి తగ్గిందని, జోన్‌లో కనీస వెడల్పు 50 అని అభ్యంతరం పెట్టారు. కోడ్‌లో "లాటు వెడల్పు" నిర్వచనం తీసి చూస్తే ముందు సెట్‌బ్యాక్ గీత దగ్గర కొలవాలని ఉంది. అక్కడ 52 అడుగులూ అలాగే ఉన్నాయి. కోడ్‌లో పట్టికలు అందరూ చూస్తారు, నిర్వచనాల అధ్యాయం ఎవరూ తెరవరు. మాకు రెండుసార్లు దారి చూపింది ఆ అధ్యాయమే. పార్కింగ్ గురించి అడిగినప్పుడు రెండో ఇంటికి 1956 కార్డులోని కార్‌పోర్ట్ చూపించాం, పాత నిర్మాణంగా ఒప్పుకున్నారు.

ఆమోదం లేఖ వచ్చాక చాలామంది పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. చట్టప్రకారం కొత్త హద్దు డీడ్‌లో కనబడాలి, ఆ డీడ్ రికార్డు కావాలి. యజమాని ఒక్కరే అయినా తనకు తానే కొత్త వివరణతో డీడ్ రాసుకోవాలి, లాటుకొకటి. సర్వేయర్ రాసిన వివరణలో దిక్కులు, దూరాలు చివరికి మొదలుపెట్టిన బిందువుకే తిరిగి రావాలి. సిటీ సర్వేయర్ దాన్ని లెక్కగట్టి చూస్తారు. మాది మొదటిసారి ఒక చోట ఈశాన్యం బదులు వాయవ్యం పడి తిరిగొచ్చింది, మూడు వారాలు పోయాయి.

బ్యాంకు సంగతి దరఖాస్తుకి ముందే తేల్చుకోండి. లోన్ తనఖా పత్రంలో పాత హద్దులుంటాయి. వాళ్ల రాతపూర్వక అంగీకారం, సవరించిన తనఖా పత్రం లేకుండా సిటీ రికార్డు చేయనివ్వదు. లోన్ వసూలు చేసే సంస్థ కాల్ సెంటర్‌కి ఈ మాటే కొత్తగా ఉంటుంది. ఎవరితో మాట్లాడినా "పార్షియల్ రిలీజ్, మోడిఫికేషన్ విభాగం" అని అడగండి. మాకు ఎక్కువ ఆలస్యం ఇక్కడే, పదకొండు వారాలు. ఆ ఏడాది పన్ను కట్టేసినట్టు కౌంటీ నుంచి ధ్రువపత్రం కూడా జత చేయాల్సి వచ్చింది.

దీంతో పాటే రెండు లాట్లకీ సర్టిఫికెట్ ఆఫ్ కంప్లయన్స్ తీసుకున్నాం. ఈ లాటు చట్టప్రకారం ఏర్పడిందని సిటీ స్వయంగా రికార్డు చేసే పత్రం అది. ఇంకెవరూ కౌంటర్లో "ఒక లాటే" అనలేరు.

భూమి కింద

కరెంటు, గ్యాస్ మీటర్లు మొదటి నుంచీ వేరు. నీళ్ల మీటర్ ఒక్కటే. సీవర్ (మురుగు నీటి) లైన్లో కెమెరా వేసి చూస్తే రెండో ఇంటి పైపు 14వ లాటు కింద నుంచి వెళ్లి మొదటి ఇంటి పైపులో కలుస్తోంది, నాలుగంగుళాల మట్టి పైపు. లాటుకి సొంత సీవర్ లైను ఉండాలన్నది మా సిటీ నిబంధన.

పక్క లాటు గుండా పైపు హక్కు రాసుకుంటే సరిపోతుందనుకున్నాం. కానీ సొంత భూమి మీద తనకు తానే ఈజ్‌మెంట్ రాసుకోవడం కాలిఫోర్నియా సివిల్ కోడ్‌లో చెల్లదు. దానికి బదులు సిటీ పేరు మీద కట్టుబాటు పత్రం రాసే పద్ధతి కొన్ని సిటీల్లో ఉంది, మా దగ్గర లేదు. కొత్త లైనే వేశాం. ఇంటి నుంచి వీధి లైను దాకా 46 అడుగులు, అడుగుకి పావు అంగుళం వాలు, మొత్తం పదకొండున్నర అంగుళాల దిగుడు. వీధి లైను లోతు ముందే కనుక్కోవాలి. అది పైకి ఉంటే వాలు చాలక పంపు పెట్టాల్సి వస్తుంది. మొత్తం వ్యవహారంలో సర్వే కన్నా, ఫీజుల కన్నా ఎక్కువ ఖర్చయింది దీనికే. కొత్త నీళ్ల మీటర్ కూడా అదే తవ్వకంలో వేయించాం.

కరెంటు, గ్యాస్ మీటర్లు వేరు చేయలేనివాళ్లు సివిల్ కోడ్ 1940.9 చదవండి. అద్దెకున్నవాళ్ల కరెంటు లేదా గ్యాస్ మీటర్ మీద పక్కింటి వాడకం కూడా పడుతుంటే ఒప్పందానికి ముందే చెప్పాలి, ఎవరు ఎంత కట్టాలో రాతలో ఉండాలి.

ఒప్పందం దగ్గర మళ్లీ జోనింగ్

పత్రాలు రికార్డయ్యాక అసెసర్‌కి నెంబర్లు విడదీయమని దరఖాస్తు పెట్టాం. యాజమాన్యం మారలేదు కాబట్టి ఇళ్ల విలువ మళ్లీ కట్టరు. పార్సెల్ పన్నులు మాత్రం రెండింతలవుతాయి, దానికి సిద్ధపడే చేశాం.

రెండిళ్లూ రెండు లాట్ల మీద ఒంటరి ఇళ్లయ్యాయి కాబట్టి ఏబీ 1482 మినహాయింపు వాక్యం రెండు ఒప్పందాల్లోనూ చట్టంలో ఉన్న ఇంగ్లిషులోనే, ఒక్క మాట మార్చకుండా పెట్టాం. మన భాషలో మాట్లాడుకుని ఒప్పందం చేసుకున్నా తెలుగు అనువాదం ఇవ్వాలన్న నిబంధన లేదు. ఆ నిబంధన స్పానిష్, చైనీస్, టగాలోగ్, వియత్నమీస్, కొరియన్ భాషలకే. అయినా తెలుగువాళ్లు చేరేటప్పుడు ముఖ్యమైన నాలుగు పేరాలు నోటితో వివరించి చెప్పడం న్యాయం.

మనవాళ్లు నలుగురైదుగురు ఉద్యోగులు కలిసి ఇల్లు తీసుకోవడం మామూలే. రక్తసంబంధం లేనివాళ్లు ఇంతమందే ఉండాలని జోనింగ్‌తో ఆపకూడదని 1980లో సిటీ ఆఫ్ శాంటా బార్బరా వర్సెస్ ఆడమ్సన్ కేసులో రాష్ట్ర సుప్రీం కోర్టు చెప్పింది. గది కొలత మాత్రం లెక్కలోకి వస్తుంది. పడుకునే గది ఇద్దరి వరకు 70 చదరపు అడుగులు, ఆపైన మనిషికి 50 చొప్పున. పదికి పన్నెండు గదిలో ముగ్గురు. అందరూ కలిసి ఒకే ఒప్పందం మీద సంతకం చేయాలి. గదికొక ఒప్పందం, గదికొక తాళం అంటే సిటీ దాన్ని వసతి గృహం కింద లెక్కేయవచ్చు, ఆర్-1లో దానికి పర్మిట్ దొరకడం కష్టం. నెల కన్నా తక్కువ రోజులకి ఇవ్వడం కూడా చాలా సిటీల్లో వేరే లైసెన్సు వ్యవహారం, ఏడీయూ అయితే ఆ ఆలోచనే వద్దు.

చివరగా, రికార్డయిన డీడ్‌లు రెండు, సర్టిఫికెట్లు రెండు, సర్వే మ్యాపు, 1956 కార్డు నకలు, అన్నీ ఒకే పీడీఎఫ్ చేసి ప్లానింగ్ శాఖకి పంపి, రెండు చిరునామాల ఫైళ్లలోనూ చేర్చమని రాశాం. చేర్చినట్టు జవాబు వచ్చేదాకా ప్రతి సోమవారం అడుగుతూనే ఉన్నాం. ఆరో వారం వచ్చింది. ఇప్పుడు ఆ కౌంటర్లో ఏ చిరునామా కొట్టినా తెర మీద ఒక లాటు, ఒక ఇల్లు కనబడుతున్నాయి.